రోజుకి రెండొందలు

తెల్లవారుజామున మూడింటికి ఈ సందులో వెలుగుతున్న లైటు ఇదొక్కటే. చెప్పులు బయట విడిచి, తల కాస్త వంచి లోపలికి రండి, ద్వారబంధం పొట్టిది. విజయవాడ, అజిత్‌సింగ్‌నగర్. 2024 డిసెంబరు నడిమి రోజులు. ఒకటే గది, వెనక వంటకి వదిలిన వసారా. దోమతెర కింద ఏడు నెలల పిల్ల నిద్రపోతోంది. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని గ్రైండరు. దాని పక్కన గోనెసంచి చుట్టిన పెద్ద స్టీలు గిన్నె.

ఆమె గోనె విప్పి మూత తీస్తుంది. పుల్లటి వాసన మీదాకా వస్తుంది. చలికాలం పిండి తొందరగా పొంగదు. పొంగకపోతే ఇడ్లీ గట్టిపడుతుంది. గట్టిపడితే కూలీల అడ్డా మీది తాపీమేస్త్రి రేపట్నుంచి ఇంకో బండి చూసుకుంటాడు. గరిటె ముంచి పైకెత్తి, పిండి జారే తీరు చూస్తుంది.

"వచ్చింది బావా. ఉప్పు వేసేస్తున్నా."

"పైపైన కలుపు. గట్టిగా తిప్పితే గాలి పోద్ది."

మాట వసారాలోంచి వచ్చింది. అతను మూకుట్లో పల్లీలు వేయిస్తున్నాడు. ఎనిమిదేళ్ళు గవర్నర్‌పేట హోటళ్ళలో పనిచేసి, గిన్నెలు కడగడం దగ్గర్నుంచి మాస్టరు దాకా ఎదిగిన చెయ్యి. ఇడ్లీ విషయంలో ఈ ఇంట్లో మాట అతనిది. డబ్బు విషయంలో మాట ఆమెది. పెళ్ళినాడు ఇలా లేదు. బుడమేరు వాగు పొంగి వచ్చి వెళ్ళాక ఇలా కుదిరింది.

వీళ్ళ పేర్లు అడగకండి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట సందుల్లో ఉండే ఇలాంటి సంసారాలు కొన్ని కలిపి అల్లిన జంట ఇది. బుడమేరు, వడ్డీలు, బండి బతుకు మాత్రం అల్లినవి కావు.

మీరు ఆనుకున్న గోడ ఒకసారి చూడండి. మీ భుజం ఎత్తున మట్టిరంగు గీత ఒకటి గదంతా చుట్టి వచ్చింది. ఇల్లుగలవాళ్ళు సంక్రాంతికి సున్నం వేయిస్తామన్నారు. ఆగస్టు 31న రోజంతా కురిసిన వాన, తెల్లారి సెప్టెంబరు 1 ఆదివారం నాటికి ఇంట్లోకి వచ్చేసింది. బుడమేరు మళ్ళింపు కాలువకి గండ్లు పడ్డాయి. ఆ కాలువ నీరు చేరాల్సింది కృష్ణలోకి. అక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గరేమో చరిత్రలో ఎన్నడూ చూడనంత వరద, 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. నిండిన ఏరు ఇంకో నీటిని లోపలికి రానివ్వదు. దారి లేని నీళ్ళు ఊళ్ళోకి తిరిగాయి. ఆర్మీ వాళ్ళు కూడా వచ్చి మూడో గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7. కొన్ని సందుల్లో ఆ తర్వాత కూడా నీళ్ళు కదల్లేదు.

అప్పటికి ఆమె పుట్టింటినుంచి వచ్చి నెల కాలేదు. నూజివీడు వైపు పల్లె. మూడో నెల దాటాక శ్రావణమాసంలో పిల్లనెత్తుకుని దిగింది. వరద రోజున ఇల్లుగలావిడతో కలిసి డాబా ఎక్కారు. కింద గ్రైండరు మునుగుతుంటే అతను నడుములోతు నీళ్ళలోకి రెండుసార్లు దిగాడు. మొదటిసారి పిల్ల బట్టల మూట తెచ్చాడు, రెండోసారి గ్యాస్ స్టవ్ తెచ్చాడు. మూడోసారి దిగబోతే ఇల్లుగలావిడ చొక్కా పట్టుకుని ఆపింది. గ్రైండరు ఉండిపోయింది. సందు చివర గొలుసు వేసి కట్టిన బండి ఒక పక్కకి ఒరిగి, రేకు కప్పు మాత్రం పైకి కనిపిస్తూ వారం రోజులుంది.

సరే, చేతులు కడుక్కుని ఈ పీట మీద కూర్చోండి. పచ్చిమిరపకాయల తొడిమలు తుంచండి. మీరు తుంచేలోపు ఆ బండి ఎలా వచ్చిందో చెప్తాను.

ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. ఆమెకి ఎనిమిదో నెల. పాత బండి, గ్రైండరు, ఇడ్లీ పాత్ర, ప్లేట్లు, కమర్షియల్ సిలిండరు డిపాజిట్టు, గిన్నెలు, అన్నీ కలిపి డెబ్భై వేలు. అందులో అతను దాచుకున్నవి ఇరవై. ఆమె గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చినవి నలభై. వీధి వ్యాపారులకి 2020 నుంచి ఇస్తున్న పీఎం స్వనిధి అప్పు పది వేలు. ఆ పథకంలో అప్పట్లో మొదటి అప్పు పది వేలే. సక్రమంగా కడితే ఇరవై వేలు, అదీ కడితే యాభై వేలు ఇచ్చేవారు. వేళకి కట్టినవాళ్ళకి వడ్డీలో నూటికి ఏడు చొప్పున ఖాతాలో తిరిగి పడుతుంది. నెలనెలా తొమ్మిదొందల లోపు వాయిదా. మునగకముందు దాకా ఒక్కటీ తప్పలేదు.

మునిగాక ఏమైంది? ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగి వెళ్ళాయి. బియ్యం, పప్పు, నూనె ఇచ్చారు. కింది అంతస్తు మునిగిన ఇంటికి పాతిక వేల సాయం సెప్టెంబరు ఆఖర్లో ఖాతాలో పడింది. అది పడేలోపే ఖర్చయిపోయింది అనడం సబబు. గ్రైండరు మోటారుకి వైండింగ్, కొత్త బేరింగులు. పిల్లకి జ్వరం వచ్చి ప్రైవేటు ఆస్పత్రిలో ఆరు వేలు. అద్దె బాకీ. ఇంటికి పరుపు, స్టవ్ ట్యూబు. మిగిలిన దానితో బండి చక్రాలు మార్చారు. చక్రాలు తిరుగుతున్నాయి గానీ మినప్పప్పు కొనడానికి డబ్బు లేదు.

అప్పుడు తీసుకున్నారు డైలీ ఫైనాన్స్. చెరో కార్డు మీద పది వేలు.

ఆ లెక్క మీకు తెలియకపోతే తెలుసుకోండి, ఈ ఊళ్ళో చిన్న బతుకులు చాలావరకు దాని మీదే నడుస్తాయి. పది వేలు రాసుకుంటారు, చేతికి ఎనిమిదిన్నర వేలిస్తారు. పదిహేను వందలు ముందే కోత. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వందకి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ ఎనిమిదిన్నర వేలూ మీ దగ్గర వంద రోజులుండవు. మొదటి రోజునుంచే తిరిగి వెళ్ళిపోతుంటాయి. సగటున చేతిలో ఉండేది అందులో సగం. లెక్కేస్తే నెలకి పది రూపాయల వడ్డీ తేలుతుంది. ఆమె గాజుల మీద బ్యాంకు వేసేది రూపాయి లోపు. నూజివీడు పల్లెలో నోటు రాసి తెచ్చుకుంటే రెండు రూపాయలు.

మరి ఎందుకు తీసుకుంటారు? బ్యాంకు పని ఉదయం పదింటికి మొదలవుతుంది, బండి పని ఉదయం పదింటికి ముగుస్తుంది, ఆ తర్వాత పిండి పని. బ్యాంకు కాగితాలడుగుతుంది, కాగితాలు తడిశాయి. ఫైనాన్స్ అబ్బాయి బండి దగ్గరికే వస్తాడు, పది నిమిషాల్లో చేతిలో పెడతాడు. ఇదే ఊళ్ళో 2015 డిసెంబరులో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ కేసులు బయటపడ్డాయి. అప్పు తీర్చలేని ఆడవాళ్ళని ఎంతెంత వేధించారో అప్పుడు రాష్ట్రమంతా విన్నది. ఆ సంగతి ఈ సందులో తెలియనివాళ్ళు లేరు. తెలిసీ తీసుకుంటారు. రేపు ఇడ్లీ వెయ్యకపోతే ఎల్లుండి అడ్డా మీద గిరాకీ ఉండదు.

ఐదుకి ఇల్లుగలావిడ వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. వెళ్ళేముందు తల్లి దోమతెర ఎత్తి పిల్ల అరికాళ్ళు తాకి చూస్తుంది. జ్వరం నాటినుంచి అలవాటు.

"నిద్ర లేస్తే ఫోన్ చెయ్యండి పిన్నీ."

"లేస్తే ఎత్తుకుంటాను. నువ్వెళ్ళు."

మీరు బండి వెనక పట్టు పట్టండి. గతుకు దగ్గర ఇడ్లీ పాత్ర కదులుతుంది, చెయ్యి అడ్డం పెట్టండి. పైపుల రోడ్డు ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. అటు దూరంగా కనిపిస్తున్నది సింగ్‌నగర్ ఫ్లైఓవరు. వరదలో పడవలన్నీ దాని మొదట్లోనే ఆగేవి. పాల ప్యాకెట్టు కోసం అతను పీకలోతు నీళ్ళలో అక్కడిదాకా వెళ్ళాడు. ఇప్పుడు దాని కింద ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి.

మొదటి వాయి ఐదున్నరకి దిగుతుంది. తడిగుడ్డ మీద వేసిన ఇడ్లీలు. గుడ్డని ఒక మూల పట్టి బోర్లిస్తే పళ్ళెంలోకి జారతాయి. బోణీ మున్సిపాలిటీలో ఊడ్చే ఒక పెద్దావిడది. చిల్లర ముప్పై లెక్కపెట్టి ఇస్తుంది. బోణీ వేళ ఉద్దెర అడగకూడదని ఆవిడకి తెలుసు. ఆమె ఆ నోట్లు కళ్ళకద్దుకుని రేకు డబ్బాలో వేస్తుంది.

ఆ డబ్బాలు చూడండి. రెండున్నాయి. ఒకటి బండిది, ఇంకోటి ఇంటిది. వేసవిలో బండి పెట్టిన కొత్తలో గల్లాపెట్టె ఒక్కటే ఉండేది. అందులోంచే పప్పు కొనేవారు, అందులోంచే మందులు కొనేవారు, బంధువుల పెళ్ళి చదివింపులూ అందులోంచే. రోజూ డబ్బులు కనిపించేవి, నెలాఖరుకి ఎక్కడికి పోయాయో తెలిసేది కాదు. వరద తర్వాత ఆమె రెండో డబ్బా పెట్టింది. బండి డబ్బులు బండివే. ఇంటికి రోజుకి నాలుగొందలు జీతంలా ఇటునుంచి అటు మారుస్తుంది. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టిన డబ్బు బ్యాంకులో పడుతుంది, దాన్ని ముట్టుకోరు. స్వనిధి వాయిదా, గాజుల వడ్డీ అందులోంచే వెళ్తాయి.

"బాబాయ్, అల్లం చట్నీ కొంచెం వెయ్యి."

"వేస్తున్నా. పల్లీ చట్నీ వదిలేశావేం?"

"కారం ఎక్కువైంది ఇయ్యాళ."

అతను ముఖం చిట్లించి వేలితో చట్నీ రుచి చూస్తాడు. నిజమే. మిరపకాయల తొడిమలు తుంచింది మీరే గానీ, లెక్క చూసి వేసింది అతను. బకెట్‌లోకి ఇంకాస్త పల్లీ పొడి, నీళ్ళు, ఉప్పు పడతాయి. ఎవరూ ఏమీ అనరు. ఆరున్నరకి అడ్డా నిండుతుంది. తాపీ పనివాళ్ళు, పెయింటర్లు, సెంట్రింగ్ వాళ్ళు, ఇళ్ళలో పనికి పోయే ఆడవాళ్ళు. ఇక ముప్పావుగంట మీకు మాట్లాడే తీరిక ఉండదు. పళ్ళేలు అందించండి.

ఎనిమిదింటికి ఫోన్ వస్తుంది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్తుంది. పాలిచ్చి, కాస్త ఇడ్లీ వేడినీళ్ళలో మెత్తగా నలిపి పెడుతుంది. పోయిన నెలలోనే అన్నప్రాశన అయింది. దాని మీద ఇంట్లో గొడవ కూడా అయింది. మొదటి పిల్ల, యాభై మందికైనా భోజనం పెట్టకపోతే అన్నయ్యలు ఏమనుకుంటారని అతను. యాభై మంది భోజనం అంటే మనకి ఇరవై రోజుల పప్పు, రవ్వ అని ఆమె. చివరికి ఆమె పుట్టింటివాళ్ళు, ఇల్లుగలావిడ, ఇంట్లో పాయసం. అన్నయ్యలు అనుకోవలసింది అనుకున్నారు. అతను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పిండి సరిగా పొంగకపోతే మాట్లాడక తప్పలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి గిరాకీ పలచబడుతుంది. మిగిలిన పిండి మూత పెట్టి నీడకి జరుపుతుంది. సాయంత్రం అందులో ఉల్లిపాయ, జీలకర్ర, కాస్త మైదా కలిపి పునుగులేస్తారు. పారబోసేది ఏమీ ఉండదు. తర్వాత బండి అంచున కూర్చుని నోటుపుస్తకం తీస్తుంది. ఇంటర్ దాకా చదివిన చేతిరాత, నిటారుగా ఉంటుంది. నిన్నటి పేజీ మీరూ చూడొచ్చు.

పొద్దున ఇడ్లీ రెండు వేల ఒక వంద, సాయంత్రం పునుగులు తొమ్మిదొందలు. మొత్తం మూడు వేలు. పప్పు, రవ్వ, మైదా ఏడొందల యాభై. పల్లీలు, మిర్చి, చింతపండు, అల్లం మూడొందలు. నూనె మూడొందలు. గ్యాస్ మూడొందలు. కాగితం పళ్ళేలు, కవర్లు వంద. పోగా పన్నెండొందల యాభై. అందులోంచి ఫైనాన్స్ రెండొందలు, ఇంటికి నాలుగొందలు, అద్దెకి నూట యాభై, కిరాణా పాత బాకీకి నూట యాభై, బ్యాంకుకి నలభై. చివరి గీత కింద మిగిలింది మూడొందల పది.

మూడొందల పది మిగులు అని మీరు సంతోషిస్తారు. ఆమె సంతోషించదు. వాన పడితే బండి కదలదు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే సాయంత్రం పునుగులు ఉండవు. అక్టోబరులో మూడు రోజుల ముసురుకి బండి తియ్యలేదు. ఫైనాన్స్ ఆ మూడు రోజులు కూడా కట్టారు. పాలు రెండు ప్యాకెట్లు ఒకటైంది. కిరాణా కొట్టాయన అడక్కుండానే వారం ఖాతా రాసుకున్నాడు. ఆయన కొట్టూ మునిగిందే. పాతబాకీ కాలమ్ అప్పుడు పుట్టింది.

తొమ్మిదింబావు. బైకు చప్పుడు. ఫైనాన్స్ అబ్బాయి ఇరవై రెండేళ్ళవాడు, నుదుట కుంకుమ బొట్టు, భుజాన సంచి. వడ్డీ అతనిది కాదు, అందులోంచి వచ్చే జీతం మాత్రమే అతనిది. ముందు రెండు ఇడ్లీ తిని డబ్బు కడతాడు, తర్వాత డబ్బు అడుగుతాడు. ఆమె రెండు కార్డులు, రెండొందలు ఇస్తుంది. కార్డు మీద వంద గళ్ళు. ఇవాళ్టి గడిలో సంతకం పెట్టి వెనక్కిస్తూ అంటాడు.

"ఇంక ఇరవై రెండే అక్కా. ఒక్కరోజు కూడా తప్పలేదు మీరు. మా ఓనరు ఇరవై వేలు ఇమ్మన్నాడు మీకు. కావాలంటే రేపే తెస్తా."

అంట్లు తోముతున్న అతను ఆగి చూస్తాడు. ఆ చూపు ఎక్కడికి పోతుందో ఆమెకి తెలుసు. ఆటోనగర్‌లో ఒక పాత హోటలు సామాన్ల కొట్లో పెద్ద దోశ పెనం ఉంది, స్టాండు, బర్నరుతో సహా పది వేలు. నెలరోజులుగా దాన్ని చూసి వస్తున్నాడు. అతను అసలు దోశ మాస్టరు. ఇడ్లీ బండి పెట్టింది పెనానికి డబ్బు చాలక.

"రేపు చెప్తాం తమ్ముడూ," అంటుంది ఆమె. బైకు వెళ్ళిపోతుంది.

మీరు ఆ బకెట్ ఇటివ్వండి, గిన్నెలు కడుగుతూ వినండి. ఇది వీళ్ళ అసలు వ్యాపార సమావేశం.

"దోశ వేస్తే రోజుకి మూడొందలైనా ఎక్కువ మిగుల్తాయి," అంటాడు. "ఇరవై వేలకి వాళ్ళు తినేది మూడు వేలు. పది రోజుల్లో వచ్చేస్తాయి. ఇంటర్ చదివావుగా, లెక్క చూసుకో."

లెక్క అతను చెప్పినట్టే ఉంది. పెనం ఆడితే ఫైనాన్స్ వడ్డీ కూడా గిట్టుబాటే. ఆమె కాదనదు.

"దోశ ఆడితే నువ్వు చెప్పిందే. ఆడకపోతే? దోశ ఆడినా ఆడకపోయినా ఆ అబ్బాయి రోజూ వస్తాడు. ముసురు పట్టినా వస్తాడు."

"ఇప్పుడు ముసురెక్కడిది? చలికాలం."

"పిల్లకి ముసురు లేదా? ఇంకోటి చెప్పు. ఎనిమిదింటికి నేను ఇంటికి పోతాను. ఆ వేళ అడ్డా మీద జనం. దోశ తిప్పుతావా, ఇడ్లీ దింపుతావా, డబ్బులు తీసుకుంటావా?"

అతని దగ్గర దీనికి సమాధానం లేదు. ఎనిమిదేళ్ళు పెద్ద హోటల్లో పనిచేసినవాడికి ఒక్క మనిషి చేతులు ఎన్ని పళ్ళేలకి సరిపోతాయో తెలుసు. కడిగిన గిన్నె బోర్లించి, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటాడు.

"అయితే పెనం వద్దంటావు."

"వద్దనలేదు. ఈ రెండొందలు కట్టడం మనకి అలవాటైపోయింది కదా. మూడు నెలలుగా కడుతూ బతికాం కదా. జనవరి మొదటి వారానికి కార్డు అయిపోద్ది. ఆ మర్నాటినుంచి కూడా కడదాం. వాడికి కాదు, మనకే."

ఆమె పుస్తకం వెనక పేజీ తిప్పి చూపిస్తుంది. అక్కడ ముందే రాసి ఉంది. రోజుకి రెండొందలు, యాభై రోజులు, పది వేలు. పక్కన బ్రాకెట్లో శివరాత్రి. ఈ మాట ఆమె ఇప్పుడనుకున్నది కాదని అతనికీ మీకూ ఒకేసారి తెలుస్తుంది. అప్పటికి పిల్లకి తొమ్మిదో నెల నిండుతుంది. పొద్దున పాలు తగ్గించి ఇల్లుగలావిడ చేత్తో జావ పట్టించొచ్చు. ఎనిమిదింటికి ఆమె బండి దగ్గరే ఉండొచ్చు. మధ్యలో ముసురో జ్వరమో వస్తే ఆ డబ్బాలో కట్టడం ఆపొచ్చు. ఆపితే బైకు వేసుకుని ఎవరూ రారు. అవసరమైతే అందులోంచే తీసుకోవచ్చు, ఎవరికీ కోత ఇవ్వక్కర్లేదు. అప్పు తీర్చడానికి నేర్చుకున్న క్రమశిక్షణని అప్పుతో పాటు వదిలేయకపోవడం, వరద ఈ ఇంటికి మిగిల్చిన లాభం ఏదైనా ఉంటే అది ఇదే.

అలాగని వీళ్ళు ఒడ్డున పడ్డారని చెప్పలేం. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ఏప్రిల్‌కి ఏడాది. తిరగరాయాలంటే వడ్డీ కట్టాలి. స్వనిధి రెండో అప్పుకి పోవాలంటే మొదటిది పూర్తవ్వాలి. వచ్చే వానాకాలానికి బుడమేరు కట్టలు ఎలా ఉంటాయో వీళ్ళ చేతుల్లో లేదు. ఉన్నదల్లా రెండు డబ్బాలు, ఒక పుస్తకం, ఇప్పుడు మూడో డబ్బాకి చోటు.

బండి తిప్పండి, ఎండెక్కింది. మధ్యాహ్నానికి మళ్ళీ పప్పు నానబెట్టాలి. అతను ముందు పట్టు పట్టి లాగుతున్నాడు, ఆమె పక్కన నడుస్తోంది. గతుకు దాటాక అతను వెనక్కి తిరక్కుండానే అంటాడు.

"శివరాత్రికి పెనం రేటు పెరిగితే?"

"పెరిగితే ఇంకో రెండు రోజులు కడతాం."